గట్టు మీది మాటకు పంచావయవ వ్యాఖ్య

చెరువు గట్టు మీద ఒక పెద్దరైతు ఇలా అన్నాడనుకుందాం: "ఈసారి చెరువు కింద వరి వేస్తే ఎండిపోతుంది. వానలు బాగా పడ్డాయంటారా, నిజమే. కానీ కాలువ పూడిపోయి నీళ్లు చేరలేదు. నీళ్లు తూము మట్టానికి కిందే ఉన్నాయి. మట్టం అంత దిగిన ఏడల్లా వరి ఎండింది, కరువేడు చూశాంగా. ఇప్పుడూ అంతే దిగింది. కాబట్టి వేస్తే ఎండిపోతుంది."

ఏ వాక్యం ఏ పని చేస్తోందో తేల్చడానికి గౌతముడి న్యాయసూత్రాలు వాదానికి చెప్పిన ఐదు అవయవాలకన్నా మంచి కొలబద్ద నాకు దొరకలేదు. 17వ శతాబ్దంలో మన తెలుగువాడైన అన్నంభట్టు తర్కసంగ్రహంలో వీటినే పిల్లలకు అందేలా కుదించాడు. మనకోసం మనం ఊహించుకునేటప్పుడు ఇవి అక్కర్లేదు, ఎదుటివాణ్ణి ఒప్పించేటప్పుడే ఐదూ కావాలి అంటాడాయన.

ప్రతిజ్ఞ. శపథం కాదు, సాధించవలసిన మాట. ఇక్కడ మొదటి వాక్యం. "ఎందుకని?" అని అడగాలనిపించేది ఇదే.

హేతువు. ఆ "ఎందుకని"కి జవాబు. ఇక్కడే ఎక్కువమంది తడబడతారు. కాలువ పూడిపోవడం హేతువా, మట్టం దిగడం హేతువా? తెలుగులో రెంటికీ "ఎందుకంటే" అనే అంటాం. శాస్త్రం మాత్రం విడదీసింది: పుట్టించేది కారకహేతువు, తెలియజేసేది జ్ఞాపకహేతువు. పొగకు నిప్పు కారకం, నిప్పుకు పొగ జ్ఞాపకం. కాలువ పూడడం వల్ల మట్టం దిగింది. అది మట్టానికి కారణం చెబుతుందే తప్ప, వరి ఎండుతుందని రుజువు చేసే పని దానిమీద లేదు. ఆ వాక్యం తీసేసినా వాదం నిలుస్తుంది. మట్టం గురించిన వాక్యం తీసేస్తే కూలిపోతుంది. కాబట్టి అదే హేతువు.

ఉదాహరణ. బడిలో "ఉదాహరణకు" అంటే చెప్పినదానికి ఒక తోడు. న్యాయంలో నియమాన్ని మోసుకొచ్చే వాక్యమే ఇది. "మట్టం దిగిన ఏడల్లా" అన్నది వ్యాప్తి, "కరువేడు" అన్నది దృష్టాంతం. బరువంతా "ఏడల్లా" మీదే ఉంది. పొగ ఉన్నచోటల్లా నిప్పుంటుంది, వంటింట్లోలాగా. కానీ నిప్పున్నచోటల్లా పొగ ఉంటుందనలేం. ఎర్రగా కాలిన ఇనుపగుండులో నిప్పుంది, పొగ లేదు. ఒక్క ఇనుపగుండు చాలు, నియమం చెడడానికి.

ఉపనయం. ఆ నియమాన్ని ఈ చెరువు దగ్గరికి తెచ్చే వాక్యం: "ఇప్పుడూ అంతే దిగింది."

నిగమనం. మాటలు ప్రతిజ్ఞవే. అందుకే మీమాంసకులు ఐదెందుకు, మూడు చాలన్నారు. బౌద్ధులు ఉదాహరణ, ఉపనయాలు రెండే చాలన్నారు. నాకు మాత్రం ఐదూ కావాలన్న నైయాయికుల, అంటే న్యాయశాస్త్రం వాళ్ల పక్షమే సరైనదనిపిస్తుంది. మొదట ఆ మాట అప్పు, చివర అదే మాట తీరిన అప్పు. వాక్యం ఒకటే అయినా చోటు మారితే పని మారుతుంది. "కాబట్టి" అన్న ముక్క ఆ మార్పుకు గుర్తు.

ఇంకొకటి మిగిలింది: "వానలు బాగా పడ్డాయంటారా, నిజమే." ఇది ఐదింటిలో ఏదీ కాదు. ఎదుటివాడు అనబోయే మాటను, అంటే పూర్వపక్షాన్ని, ముందే అందుకుని ఒప్పుకోవడం. పెద్దరైతు నోటివెంట వచ్చింది కదా అని దాన్ని ఆయన హేతువుల్లో కలిపితే వాదం తలకిందులవుతుంది. గట్టు మీద ఎవరైనా లేచి "వానలు అంత బాగా ఏం పడ్డాయి?" అంటే ఆయనకు నష్టం లేదు. "మొన్నొక ఏడు మట్టం ఇంతకన్నా దిగింది, అయినా చెరువు నీళ్లతోనే మా మడి పండింది" అంటే మాత్రం ఆయన ఆగి జవాబు చెప్పాలి.