పేరుకు ముందే పుట్టిన హోటలు

హైదరాబాదుకు సముద్రం లేదు. శ్రీనగర్ కాలనీ ఆఫీసుల్లో అల్లుకున్న కథకు కెరటం కావలసివస్తే సినిమావారు విశాఖకు బయలుదేరడం రివాజు. ఆ విశాఖ బీచ్ రోడ్డులో, తీరాన్ని ఆనుకుని, ‘ది పార్క్’ హోటలున్నది.

కలకత్తాకు చెందిన ఎపీజే సురేంద్ర సంస్థ తన తొలి హోటలును 1967లో ఆ నగరపు పార్క్ స్ట్రీట్‌లో తెరిచింది. మరుసటి ఏడే, 1968లో, రెండవదానికి విశాఖను ఎంచుకున్నది. ‘బొటీక్ హోటల్’ అన్న మాట అప్పటికింకా వాడుకలో లేదు. 1984లో న్యూయార్కులో ‘మోర్గన్స్’ తెరిచిన స్టీవ్ రూబెల్, పెద్ద హోటళ్ళు అన్నీ అమ్మే అంగళ్ళయితే తనది ఏరికూర్చిన చిన్న దుకాణమన్న అర్థంలో దాన్ని ప్రచారంలోకి తెచ్చాడు. 1990లో ప్రియా పాల్ పగ్గాలు చేపట్టాక పార్క్ హోటళ్ళు ఆ బాట పట్టాయి.

1991 ఫిబ్రవరిలో కేంద్రప్రభుత్వం తీరప్రాంత నియంత్రణ ప్రకటన వెలువరించి, పోటుగీత నుండి 500 మీటర్ల మేర కట్టడాలపై ఆంక్షలు విధించింది. దానితో నీటి అంచున చోటు దుర్లభమైంది. పాతిక గదులైనా యాభై గదులైనా డబ్బుతో కట్టవచ్చు. 1968 నాటి ఆ చోటును మాత్రం ఇప్పుడు ఏ ధనమూ సృష్టించలేదు. ఈ హోటలుకున్న అసలు విలాసం అదే.

అయితే 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తాకినది కూడా ఈ తీరాన్నే. ఆ అంచు మనకు అద్దెకే గాని సొంతానికి దొరకదని సముద్రం ఆనాడు గుర్తుచేసింది.