బ్యాంకు పేరిట నకిలీ మెయిళ్లు.. చిరునామా చివర చూడాలి

పలాస: ‘మీ కేవైసీ గడువు ముగిసింది. నేడే వివరాలు ఇవ్వకుంటే ఖాతా నిలిచిపోతుంది’ అంటూ బ్యాంకు గుర్తుతో ఈ-మెయిల్ వస్తే పలాస జీడిపప్పు వ్యాపారులైనా, బిడ్డలు విదేశాల నుంచి పంపే సొమ్ముపై ఆధారపడిన ఉద్దానం కుటుంబాలైనా కంగారుపడటం సహజం. ఆ కంగారే మోసగాళ్లకు పెట్టుబడి.

బ్యాంకుల విలీనాలూ వీరికి సాకుగా పనికొస్తాయి. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో విలీనమైంది. 2025 మే 1న గ్రామీణ వికాస్ బ్యాంకు ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకులో కలిసింది. పేరు మారింది కనుక వివరాలు మళ్లీ ఇవ్వాలంటే నమ్మేవారు ఉంటారు.

గుర్తు, రంగులు, సంతకం, పంపినవారి పేరు.. అన్నింటికీ నకలు తీయవచ్చు. చూడాల్సింది లింకు చిరునామా చివరి భాగం. బ్యాంకులు తమ వెబ్‌సైట్లను 2025 అక్టోబరు 31లోగా ‘డాట్ బ్యాంక్ డాట్ ఇన్’కు మార్చుకోవాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఉదాహరణకు స్టేట్ బ్యాంకుది ‘ఎస్‌బీఐ డాట్ బ్యాంక్ డాట్ ఇన్’. ఆ ‘ఇన్’ వెంటనే మరో చుక్క, మరో పేరు ఉంటే ముందు ఏ బ్యాంకు పేరు కనిపించినా అది నకిలీయే. సెల్‌ఫోన్ చిన్న తెరపై చిరునామా పూర్తిగా కనిపించకపోవచ్చు. అలాంటప్పుడు లింకు నొక్కకుండా టెక్కలిలోనో, పలాసలోనో తమ శాఖకు వెళ్లి అడగడం మేలు.

సొమ్ము పోతే వెంటనే 1930కు ఫోన్ చేసి, బ్యాంకుకూ తెలపాలి. రిజర్వు బ్యాంకు 2017 జులై 6 నాటి ఆదేశాల ప్రకారం, ఖాతాదారుడే పాస్‌వర్డు చెప్పేసిన సందర్భాల్లో బ్యాంకుకు తెలిపేలోగా పోయిన సొమ్ముకు ఆయనే బాధ్యుడు. తెలిపిన తర్వాత పోయేది బ్యాంకు భరించాలి.