బైటు వరస: ఒమన్ భూగర్భ రికార్డుల వెలుగులో

ఒక బైటులో పట్టే అతి పెద్ద సంఖ్య 255. అంతకు మించినదాన్ని రెండుగానో నాలుగుగానో ఎనిమిదిగానో విడగొట్టి మెమరీలో పక్కపక్క గదుల్లో పెట్టాలి. ఏ ముక్క ముందు గదిలోకి వెళ్ళాలన్న కట్టుబాటే బైటు వరస. 4000 అనే సంఖ్యనే తీసుకుంటే, అందులో 256లు పదిహేను, పైన 160 ఉన్నాయి. పెద్ద విలువ గల 15 ముందు నిలిస్తే బిగ్ ఎండియన్, 160 ముందు నిలిస్తే లిటిల్ ఎండియన్. రాసిన ప్రాసెసరే తిరిగి చదివినంత కాలం ఏ వరసైనా ఒకటే. సర్క్యూట్ బోర్డు మీద ర్యామ్ చిప్పుకు వెళ్ళే డేటా తీగలు ఒకదాన్నొకటి దాటకుండా సాగాలని డిజైనర్లు ఒక బైటుకు చెందిన ఎనిమిదింటినీ తమలో తాము తారుమారు చేస్తుంటారు. వెళ్ళేటప్పుడు తారుమారైన బిట్లు వచ్చేటప్పుడు అదే దారిన సర్దుకుంటాయి కాబట్టి నష్టం లేదు. వేరే యంత్రం మీద ముందే రాసి తెచ్చిన ఫ్లాష్ చిప్పును అలాగే బిగిస్తే మాత్రం ప్రోగ్రాం మొదటి అడుగులోనే ఆగిపోతుంది. బైటు వరస చరిత్రంతా ఈ తేడాలోనే ఉంది. రాసే చేయి ఒకటి, చదివే కన్ను మరొకటి అయినప్పుడే వరస సమస్య అవుతుంది. ఆ రెండింటి మధ్య దశాబ్దాల దూరం ఉండే ఒమన్ చమురు సర్వేల రికార్డుల్లో ఇది స్పష్టంగా కనిపిస్తుంది.

బిగ్ ఎండియనే సహజమైన వరసనీ, మనం అంకెలు రాసే తీరు అదేననీ తరచుగా వినిపించేది మొదటి అభ్యంతరం. తెలుగులో ఇరవై ముందు, ఐదు తర్వాత పలుకుతాం కాబట్టి అది నిజమనిపిస్తుంది. కానీ కర్ణాటక సంగీతం నేర్చినవారికి తెలిసిన కటపయాది లెక్క దీనికి తలకిందులు. ధీరశంకరాభరణం పేరులో ‘ధ’కు తొమ్మిది, ‘ర’కు రెండు. ఒకట్ల స్థానం ముందు చెప్పడం అక్కడి పద్ధతి కనుక ఆ మేళకర్త సంఖ్య 92 కాదు, 29. శాసనాల్లోనూ కావ్యాల్లోనూ శక సంవత్సరాలను మాటల్లో పొదిగినప్పుడు కూడా ఒకట్లతోనే మొదలుపెట్టేవారు. మస్కట్ వీధిలో ధర అడిగితే వినిపించే ‘ఖమ్సా వ ఇష్రీన్’లో ఐదు ముందు, ఇరవై తర్వాత. ఒమన్ తొలిసారి చమురు ఎగుమతి చేసిన 1967ను అరబీలో పలికితే ఇంకా చిత్రంగా ఉంటుంది. వెయ్యి, తొమ్మిది వందలు, ఆపై ఏడు, చివరికి అరవై. పెద్ద ముక్కలు పెద్ద వరసలో నడిచి, చివరి జంట మాత్రం తిరగబడుతుంది. ఇన్ని భాషలూ ఇన్ని వరసల్లో తప్పులేకుండా లెక్కలు కట్టాయంటే, ఏ వరసా ప్రకృతి ఇచ్చింది కాదు. ఎవరి వరస వారికి అలవాటు, అంతే.

యంత్రాల్లో ఈ అలవాట్లకు కారణాలు మరీ స్థానికమైనవి. 1964 ఏప్రిల్‌లో వచ్చిన ఐబీఎం సిస్టమ్/360 పెద్ద బైటును ముందు పెట్టింది. మెమరీని కాగితం మీద అచ్చువేస్తే మనుషులు సూటిగా చదవగలగడం దానిలోని మేలు. అమెరికాలోని శాన్ ఆంటోనియోలో కంప్యూటర్ టెర్మినల్ కార్పొరేషన్ 1970లో ప్రకటించిన డేటాపాయింట్ 2200 మరో దారి పట్టింది. దాని మెమరీ షిఫ్ట్ రిజిస్టర్లతో చేసింది. బిట్లు ఒకదాని వెంట ఒకటి బయటికొస్తుంటే ప్రాసెసర్ వాటిని అలాగే కూడుతూ పోవాలి. కూడికలో చేతిలో మిగిలిన అంకె చిన్న స్థానం నుంచి పెద్ద స్థానానికి నడుస్తుంది కాబట్టి చిన్న వైపు ముందు రావడం దానికి అవసరం. ఆ యంత్రం ఆదేశాలనే చిప్పు మీదికి ఎక్కించి ఇంటెల్ 1972లో 8008ను తెచ్చింది. చిప్పులో ఆ అవసరం లేకపోయినా వరస మాత్రం నిలిచి, 8080 మీదుగా 1978 నాటి 8086కూ, అక్కడి నుంచి నేటి పీసీలకూ దిగివచ్చింది. మోటరోలా 68000 ఐబీఎం బాటన నడిచింది. డిజిటల్ ఎక్విప్‌మెంట్ కార్పొరేషన్ వారి పీడీపీ-11 పదహారు బిట్ల ‘మాట’ (వర్డ్)లో చిన్న బైటును ముందు పెడుతూనే, ముప్ఫైరెండు బిట్ల సంఖ్యలో పెద్ద మాటను ముందు పెట్టింది. 1, 2, 3, 4 అని ఉండాల్సిన బైటులు అందులో 2, 1, 4, 3 అవుతాయి. అరబీలో 1967 పలికే తీరుకు ఇది దగ్గరి చుట్టం. ఆ యంత్రం మీద పుట్టిన యునిక్స్‌ను వేరే వరస యంత్రానికి తరలించినప్పుడు దాని పేరే ‘నుక్సి’ అని అచ్చయిందన్న కథ ప్రోగ్రామర్లలో స్థిరపడి, ఈ జబ్బుకే ఆ పేరు ఇచ్చింది.

బిగ్ ఎండియన్, లిటిల్ ఎండియన్ అన్న పేర్లను ఈ రంగంలోకి తెచ్చినవాడు డానీ కోహెన్. గుడ్డును ఏ కొసన పగలగొట్టాలన్న తగవుతో రెండు దేశాలు యుద్ధానికి దిగిన కథ జొనాథన్ స్విఫ్ట్ 1726లో రాసిన గలివర్ యాత్రల్లో ఉంది. ఆ పేర్లను అరువు తెచ్చుకుని 1980 ఏప్రిల్ 1న కోహెన్ ఒక పత్రం వెలువరించాడు. ఏ కొస అన్నది కాదు, అందరూ ఒకదానికి ఒప్పుకోవడమే ముఖ్యమన్నది ఆయన వాదన. ఇంటర్‌నెట్ ఆ ఒప్పందాన్ని బిగ్ ఎండియన్ వైపు కుదుర్చుకుంది. లిటిల్ ఎండియన్ యంత్రాలు చిరునామాలనూ పోర్టు సంఖ్యలనూ పంపేముందు తిప్పి, అందుకున్నాక మళ్ళీ తిప్పుకుంటాయి. బిట్ల స్థాయిలోనూ తగవు తప్పలేదు. ఈథర్‌నెట్ ప్రతి బైటులో చిన్న బిట్టును ముందు పంపితే, టోకెన్ రింగ్ పెద్ద బిట్టును ముందు పంపేది. రెండింటినీ కలిపే పెట్టెలు చిరునామాల్లోని బిట్లను తిరగరాయాల్సి వచ్చేది. కోహెన్ మాట తీగ మీద చాలావరకు నిలబడింది, ఎందుకంటే తీగకు రెండు చివర్లా ఉన్నవారు ఒకే కాలంలో ఉంటారు. పొరపాటు జరిగితే సంభాషణ అప్పటికప్పుడే తెగి బయటపడుతుంది. భద్రపరిచిన రికార్డుకు ఆ సౌకర్యం లేదు.

ఒమన్‌లో 1956లో ఫహూద్ దగ్గర తవ్విన తొలి బావి ఎండుబావి అయింది. చమురు కొన్ని వందల మీటర్ల అవతల, భూమి పొరలు విరిగిన చోటుకు మరో పక్కన ఉంది. 1962లో యిబాల్‌లో, 1964లో ఫహూద్‌లోనే చమురు దొరికాక, 1967 జూలైలో మీనా అల్ ఫహల్ రేవు నుంచి ఎగుమతి మొదలైంది. ఫహూద్ కథ తెలిసిన దేశంలో పాత సర్వే రికార్డును ఎవరూ పారేయరు. లెక్కకట్టే పద్ధతి మెరుగైన ప్రతిసారీ దాన్ని మళ్ళీ చదువుతారు. ఎడారిలో బరువైన వైబ్రేటర్ లారీలు నేలను అదిరిస్తుంటే, లోపలి రాతి పొరల నుంచి తిరిగివచ్చే కంపనాన్ని వరసగా పరచిన జియోఫోన్లు పట్టుకుంటాయి. ఒక లారీ కంపనం వినడం పూర్తికాకముందే మరొకటి మొదలుపెట్టే స్లిప్-స్వీప్ పద్ధతిని పెట్రోలియం డెవలప్‌మెంట్ ఒమన్ 1996లో ప్రపంచం ముందుంచింది. అక్కడి నుంచి రికార్డుల పరిమాణం విపరీతంగా పెరుగుతూ వచ్చింది. ఇలాంటి డేటా ఒక సంస్థ నుంచి మరొక సంస్థకు చేతులు మారేటప్పుడు వాడే రూపం సెగ్-వై. అమెరికాలోని భూభౌతిక అన్వేషకుల సంఘం దాన్ని 1975లో ప్రచురించింది. ఆనాటి టేపులు ఐబీఎం యంత్రాలవి కాబట్టి సంఖ్యలన్నీ బిగ్ ఎండియన్, అక్షరాలు ఐబీఎం వారి ఎబ్సిడిక్ సంకేతంలో ఉంటాయి.

ఆ ఫైలును దగ్గరగా చూస్తే మొదటి 3200 బైటుల్లో నలభై వరసల వివరణ, వరసకు ఎనభై అక్షరాలు. తర్వాతి 400 బైటుల్లో సర్వే మొత్తానికి వర్తించే సంఖ్యలు. కంపనాన్ని ఎంత వ్యవధికోసారి కొలిచారో 3217, 3218 బైటులు మైక్రోసెకన్లలో చెబుతాయి. నాలుగు మిల్లీసెకన్లకోసారి కొలిస్తే అక్కడ 15, 160 ఉంటాయి. ఇంటెల్ యంత్రం మీది ప్రోగ్రాం వాటిని తిప్పకుండా చదివితే 4000 బదులు 40975 వస్తుంది, ధన రుణ గుర్తులు పాటించేదైతే మైనస్ 24561. కాలం వెనక్కి నడిచే ఇంత అడ్డగోలు విలువ ఒక విధంగా మేలే, తప్పు ఇట్టే దొరుకుతుంది.

తిప్పడం ఒక్క ఆదేశంతో పోయే పని, 1989 నాటి ఇంటెల్ 486లోనే అందుకు ప్రత్యేక ఆదేశం ఉంది, ఇందులో ఇంత చర్చకు ఏముంది అన్నది రెండో అభ్యంతరం. తిప్పడం చవకే. ఏది తిప్పాలో తెలియడమే ఖరీదు. రెండు బైటుల సంఖ్యను జంటగా, నాలుగు బైటుల సంఖ్యను నాలుగుగా తిప్పాలి. వివరణలోని అక్షరాలను అసలు తిప్పకూడదు. అంటే ప్రతి గది సరిహద్దూ ముందే తెలిసి ఉండాలి, ఆ తెలివి బైటుల్లో ఉండదు, దస్తావేజులో ఉంటుంది. అన్నీ సరిగా తిప్పినా పని పూర్తికాదు. పాత సెగ్-వై కొలతలు ఎక్కువగా ఐబీఎం ఫ్లోటింగ్ పాయింట్ పద్ధతిలో ఉంటాయి. అందులో ఒకటి అనే విలువను 65, 16, 0, 0 అని రాస్తారు. ఆ బైటులనే సరైన వరసలో పెట్టి నేటి ప్రాసెసర్లు వాడే ఐ-ట్రిపుల్-ఈ పద్ధతిలో చదివితే ఒకటి కాదు, తొమ్మిది వస్తుంది. మైనస్ 24561లా అది అరిచి చెప్పదు. చూడ్డానికి నమ్మదగిన అంకెగానే ఉంటుంది, కంపనం ఎత్తు మాత్రం తప్పుతుంది.

మూడో అభ్యంతరం అన్నిటికన్నా గట్టిది. లిటిల్ ఎండియన్ గెలిచింది కదా, ఇక సమస్యే లేదంటారు. గెలిచిన మాట నిజమే. ఆపిల్ 2006లో పవర్‌పీసీ వదిలి ఇంటెల్‌కు మారింది. ఆర్మ్ ప్రాసెసర్లు రెండు వరసల్లోనూ నడవగలిగినా ఫోన్లన్నీ లిటిల్ ఎండియన్‌లోనే నడుస్తున్నాయి. ఐబీఎం పవర్ యంత్రాల మీది లినక్స్ కూడా ఆ వైపే మళ్ళింది. పాత వరసను పట్టుకున్న పెద్ద యంత్రాల్లో ముఖ్యంగా మిగిలింది ఐబీఎం మెయిన్‌ఫ్రేమ్. కానీ యంత్రాలు గెలిచినంత మాత్రాన టేపులు మారవు. పైగా ఈ గెలుపే సెగ్-వైకి కొత్త చిక్కు తెచ్చిపెట్టింది. ప్రమాణం ఒప్పుకోకపోయినా, పీసీల మీద రాసిన కొన్ని ప్రోగ్రాములు తమ వరసలోనే ఫైళ్ళు రాసిపెట్టాయి. పేరు సెగ్-వై, లోపల తిరగబడిన బైటులు. అందరూ ఒకటే వరసకు ఒప్పుకుంటే చాలన్న కోహెన్ పరిష్కారం ఇక్కడే తక్కువ పడింది. ఒప్పందం పుస్తకంలో ఉండిపోయి, దాన్ని ఎరగని చేయి రాసినప్పుడు చదివేవాడికి మిగిలేది ఊహే.

అక్షరాల విషయంలో యూనికోడ్ ఈ ఊహను తప్పించే ఉపాయం ముందే కనిపెట్టింది. పదహారు బిట్ల రూపంలో ‘ఆ’ అనే తెలుగు అక్షరం 12, 6 అనే రెండు బైటులు. తిప్పి 6, 12 అని చదివితే అది అరబీ కామా. మస్కట్‌లో రెండు భాషల్లోనూ తయారయ్యే ఒక పత్రంలో ఆవకాయ మొదటి అక్షరం అరబీ విరామ చిహ్నంగా మారిపోవడానికి ఒక్క వరస తేడా చాలు. రెండూ చెల్లుబాటయ్యే అక్షరాలే కనుక విడిగా చూస్తే తప్పు పట్టుకునే దారి లేదు. అందుకని ఫైలు మొదట్లో 254, 255 అనే గుర్తు పెడతారు. అది 255, 254గా కనిపిస్తే, ఆ తిరగబడ్డ విలువ ఏ అక్షరానికీ కేటాయించింది కాదు కాబట్టి, వరస మారిందని నిశ్చయంగా తెలుస్తుంది.

సెగ్-వై ఆ దారికి రావడానికి 42 ఏళ్ళు పట్టింది. 2002 సవరణ ఐ-ట్రిపుల్-ఈ సంఖ్యలను ఒప్పుకుంది కానీ వరసను ముట్టుకోలేదు. 2017లో వచ్చిన రెండో సవరణ లిటిల్ ఎండియన్‌ను అనుమతిస్తూ, 3297 నుంచి 3300 వరకు ఉన్న నాలుగు బైటుల్లో 16909060 అనే స్థిర సంఖ్య ఉండాలని నిర్ణయించింది. బైటులుగా విప్పితే అది 1, 2, 3, 4. చదివే యంత్రానికి ఆ సంఖ్య అలాగే కనిపిస్తే తిప్పే పని లేదు. 67305985 కనిపిస్తే పూర్తిగా తిప్పాలి. 33620995 కనిపిస్తే బైటులు జంటల్లో తారుమారయ్యాయని అర్థం, పీడీపీ-11 నాటి అలవాటుకు కూడా చోటు ఉంచారన్నమాట. 2017కు ముందు రాసిన ఫైళ్ళలో ఆ నాలుగు గదులూ ప్రమాణం ఏమీ కేటాయించనివి. వాటిని తెరిచే ప్రోగ్రాం ఇప్పటికీ 3225, 3226 బైటుల్లోని కొలతల రకం సంఖ్యను రెండు విధాలా చదివి చూస్తుంది. ఐబీఎం పద్ధతికి అక్కడ ఉండాల్సింది 1. అది 256గా వస్తే, వరస తిప్పి మళ్ళీ మొదటి నుంచి చదువుతుంది.