పేరు, పుట్టుక, పరంపర: వైన్ ద్రాక్షరకాల చరిత్ర - ఒక పరిచయం

వ్యాససంగ్రహం:
వైన్ తయారీకి పేరొందిన కొన్ని ద్రాక్షరకాలను చరిత్ర దృష్టితో పరిచయం చేయడం ఈ వ్యాసోద్దేశం. ఒక రకాన్ని గుర్తించడానికి పేరు, లిఖితపత్రం, జన్యుపరీక్ష అనే మూడు ఆధారాలున్నాయి. ఇవి ఎక్కడ కలుస్తాయో, ఎక్కడ విభేదిస్తాయో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. ఉత్తమం, అధమం అని మనుషులు చేసిన విభజన వంశచరిత్ర ముందు నిలవలేదని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: ద్రాక్షరకాలు, వైన్, బర్గండీ, జన్యుపరీక్ష, ఫిలోక్సెరా, కార్మెనేర్.

1. ఉపోద్ఘాతం:

ప్రపంచంలో తయారయ్యే వైన్‌లో అత్యధిక భాగం వైటిస్ వినిఫెరా అనే ఒకే జాతి ద్రాక్ష నుండి వస్తుంది. హైదరాబాదు పరిసరాలలో ప్రసిద్ధికెక్కిన అనాబ్-ఎ-షాహి కూడా ఈ జాతిదే. అయితే అది తినడానికి పెంచే రకం. దాని కాయ పెద్దది, తొక్క పలుచన. వైన్ ద్రాక్ష సాధారణంగా చిన్నది, గింజలు కలది. ఎర్ర వైన్‌కు రంగు, వగరు ప్రధానంగా తొక్క నుండే వస్తాయి కాబట్టి రసాన్ని తొక్కతోపాటే పులియబెడతారు.

జార్జియా దేశంలోని నవీన శిలాయుగపు మట్టికుండలలో దొరికిన అవశేషాలు వైన్ తయారీ సుమారు క్రీ.పూ. 6000 నాటికే ఉన్నదని తెలుపుతున్నాయి. ఇంత దీర్ఘచరిత్రలో నేడు మనం వినే రకాలు ఎప్పుడు, ఎలా పుట్టాయన్నది ఇక్కడి ప్రశ్న.

2. గింజ - కొమ్మ:

ద్రాక్షగింజను నాటితే తల్లితీగను పోలిన మొక్క రాదు. ప్రతి గింజా ఒక కొత్త కలయిక. అందువల్ల నచ్చిన తీగను నిలుపుకోదలచిన రైతు దాని కొమ్మను కత్తిరించి నాటుతాడు. ఈ విధంగా ఒక రకానికి చెందిన తీగలన్నీ ఎప్పుడో మొలిచిన ఒకే మొక్కకు కొనసాగింపులు. పీనో గ్రీ, పీనో బ్లాన్ వంటివి పీనో న్వార్ తీగలోనే సహజంగా జరిగిన రంగుమార్పు వలన ఏర్పడినవి.

ఈ కొనసాగింపు ఎంతకాలం సాగగలదో తెలిపే నిదర్శనం ఫ్రాన్స్‌లోని ఓర్లేయాఁ పట్టణంలో లభించింది. అక్కడ తవ్వకాలలో దొరికిన ఒక మధ్యయుగపు గింజ నేటి సవన్యాన్ బ్లాన్ రకంతో జన్యుపరంగా అభిన్నమని 2019లో ప్రకటితమైన పరిశోధన తేల్చింది. అంటే సుమారు 900 ఏళ్ళుగా ఒక తీగను తరతరాల రైతులు కొమ్మ నుండి కొమ్మకు అందిస్తూ వచ్చారన్నమాట.

3. పత్రాలు చెప్పే చరిత్ర:

రీస్లింగ్ తెల్లద్రాక్ష. చలిని తట్టుకుంటుంది, పులుపు అధికం. జర్మనీలోని కాట్సెనెల్న్‌బోగెన్ ప్రభువుల 1435 నాటి ఖర్చుల లెక్కలో రీస్లింగ్ తీగల కొనుగోలు నమోదై ఉంది. ఆ రకానికి లభించిన తొలి లిఖితాధారంగా దీనిని పేర్కొంటారు.

అంతకు ముందే, 1395లో, బర్గండీ డ్యూక్ ఫిలిప్ ది బోల్డ్ ఒక శాసనం వెలువరించాడు. గమే అనే రకం చెడ్డదనీ, హానికరమనీ, దానిని పెరికివేయాలనీ ఆజ్ఞాపించాడు. పీనో పలుచని తొక్క కలది, పెంపకానికి కష్టమైనది, దిగుబడి తక్కువ. గమే త్వరగా పండుతుంది, ఎక్కువ కాస్తుంది. రైతుకు కావలసింది దిగుబడి, ప్రభువుకు కావలసింది తన ప్రాంతపు వైన్ ప్రతిష్ఠ. ఈ రెండింటి ఘర్షణయే ఆ శాసనంలో కనిపిస్తుంది. మరొక విషయం కూడా గమనించాలి. ఇక్కడ రకాన్ని గురించి మాట్లాడినది అధికారమే. రైతు అభిప్రాయం శాసనానికెక్కలేదు.

4. జన్యువులు చెప్పే చరిత్ర:

కాబెర్నే సోవిన్యోన్ చిన్నకాయలు, దళసరి తొక్క, గాఢమైన వగరు గల బోర్డో ప్రాంతపు ఎర్రరకం. అది రోమన్ల కాలం నాటిదనే ఊహ ఒకటి ఉండేది. 1997లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్‌కు చెందిన జాన్ బవర్స్, కేరొల్ మెరెడిత్ దీని తల్లిదండ్రులు కాబెర్నే ఫ్రాన్ అనే నల్లరకం, సోవిన్యోన్ బ్లాన్ అనే తెల్లరకం అని నిరూపించారు. పేరులోనే ఇద్దరూ ఉన్నా, పరీక్ష జరిగేవరకు అది రుజువు కాలేదు. త్వరగా పండి, మృదువైన వైన్‌నిచ్చే మెర్లో కూడా కాబెర్నే ఫ్రాన్ సంతానమే.

పేరు దారి తప్పించిన సందర్భమూ ఉంది. సిరా రకాన్ని ఆస్ట్రేలియాలో షిరాజ్ అంటారు. ఈ పేరును బట్టి అది పర్షియాలోని షిరాజ్ నగరం నుండి వచ్చిందనే కథ పుట్టింది. జన్యుపరీక్షలో దాని జన్మదాతలు దురెజా, మోందూజ్ బ్లాంష్ అని తేలింది. రెండూ ఆగ్నేయ ఫ్రాన్స్‌కు చెందినవే.

అన్నింటికన్నా ఆలోచింపజేసేది 1999 నాటి ఫలితం. అనేక వాతావరణాలకు ఒదిగే ప్రఖ్యాత తెల్లరకం షార్డొనే, పీనోకు, గూయే బ్లాన్‌కు పుట్టినది. గూయే సామాన్య రైతులు పెంచిన, నాసిరకమని చిన్నచూపుకు గురైన ద్రాక్ష. ఈ జంటకే పుట్టిన మరికొన్ని రకాలలో గమే ఒకటి. డ్యూక్ వెలివేయబూనినది తాను మెచ్చిన పీనో సంతానాన్నే.

5. ఫిలోక్సెరా - కార్మెనేర్:

1860లలో ఫ్రాన్స్ తోటలు కారణం తెలియకుండా ఎండసాగాయి. వేళ్ళను పీల్చే ఫిలోక్సెరా అనే సూక్ష్మకీటకాన్ని ప్లాన్షో బృందం 1868లో గుర్తించింది. అమెరికా నుండి వచ్చిన ఈ కీటకాన్ని అమెరికా తీగల వేళ్ళు తట్టుకోగలవు. వాటిపై ఐరోపా కొమ్మలను అంటుకట్టడమే పరిష్కారమైంది. అయితే తోటలను తిరిగి నాటినప్పుడు అన్ని రకాలకూ చోటు దక్కలేదు. ఒకప్పుడు బోర్డోలో పెరిగిన కార్మెనేర్ అక్కడ దాదాపు కనుమరుగైంది.

కానీ తెగులుకు ముందే దాని కొమ్మలు చిలీ చేరాయి. అక్కడ మెర్లోతో కలిసిపోయి, ఆ పేరుతోనే పెరిగాయి. మెర్లో కన్నా కొన్ని వారాలు ఆలస్యంగా పండే ఈ తీగలను 1994లో ఫ్రెంచి శాస్త్రవేత్త జాఁ-మిషెల్ బూర్సికో ఆకులు, పూల లక్షణాలను బట్టి కార్మెనేర్‌గా గుర్తించాడు. ఇక్కడ పేరు పోయినా తీగ బతికింది.

6. ముగింపు:

పై పరిశీలన వలన మూడు విషయాలు తేలుతున్నాయి. మొదటిది, పేరు ఆధారమే గాని రుజువు కాదు. షిరాజ్ దూరదేశపు కథను కల్పించింది, మెర్లో అనే పేరు కార్మెనేర్‌ను దాచింది. రెండవది, జన్యుపరీక్ష పుట్టుకను చెప్పగలదు గాని, ఒక రకాన్ని ఎవరు ఎందుకు పెంచారో, ఎవరు ఎందుకు నిషేధించారో చెప్పలేదు. దానికి 1395 నాటి శాసనం వంటి పత్రాలే శరణ్యం. మూడవది, కొమ్మ ద్వారా సాగే పరంపర రకాన్ని మార్చకుండా కాపాడుతుంది. కీటకాలు, తెగుళ్ళు, వాతావరణం మాత్రం మారుతూనే ఉంటాయి. కొద్దిపాటి ప్రసిద్ధ రకాలకే తోటలు పరిమితమైతే రేపటి అవసరానికి కావలసిన తీగ మిగలకపోవచ్చు. గూయే వంటి తీగను ఆనాటి రైతులు నాసిరకమని పూర్తిగా పెరికివేసి ఉంటే షార్డొనే పుట్టేదే కాదు.