పలాయన తారలు: పుట్టిన గుంపును వదిలిన నక్షత్రాల చరిత్ర

నంద్యాల నుంచి ఆళ్లగడ్డకు దాదాపు 40 కిలోమీటర్లు. ఆ దూరాన్ని అర సెకనులోపే దాటగల నక్షత్రాలు ఆకాశంలో ఉన్నాయి. వీటిని పలాయన తారలు అంటారు. వేగం ఒక్కటే విశేషమైతే ఇది భౌతికశాస్త్ర పాఠం అయ్యేది. ఇవి ఎక్కడ నుంచి బయలుదేరాయో తేల్చడానికి పట్టిన కాలమే మనకు ఇక్కడ ముఖ్యం.

సమస్య ఎక్కడుందో ముందు చూడండి. సూర్యునికి 20 రెట్ల బరువున్న నక్షత్రం సుమారు కోటి సంవత్సరాలే జీవిస్తుంది. అలాంటివి గుంపులుగా, వాయుమేఘాల్లో పుడతాయి. అంత తక్కువ ఆయుష్షులో మామూలు వేగంతో ఎక్కువ దూరం పోలేవు. మరి గుంపుకు ఎంతో దూరంలో ఒంటరిగా కనిపించేవాటి సంగతి?

1954లో ఆడ్రియాన్ బ్లావ్, విలియం మోర్గాన్ అలాంటి రెండింటిని పరిశీలించారు. ఒకటి బ్రహ్మహృదయం ఉన్న మండలంలోని ఏఈ ఔరిగే. రెండవది దక్షిణాన కొలంబా మండలంలోని మ్యూ కొలంబే. రెండూ సెకనుకు సుమారు 100 కిలోమీటర్ల వేగంతో, దాదాపు ఎదురెదురు దిశల్లో పోతున్నాయి. వాటి దారులను వెనక్కి పొడిగిస్తే, సుమారు 25 లక్షల ఏళ్ల కిందట రెండూ ఓరయన్ ప్రాంతంలోనే ఉన్నట్లు తేలింది. రైతులు కార్తె పేరుగా ఎరిగిన ఆర్ద్ర నక్షత్రం ఉన్న మండలమే అది.

వాటిని విసిరినదేమిటి? 1961లో బ్లావ్ ఒక సమాధానం చెప్పాడు. జంట నక్షత్రాల్లో ఒకటి పేలిపోతే, దాని చుట్టూ తిరుగుతున్న రెండవది వడిసెల నుంచి జారిన రాయిలా ఎగిరిపోతుంది. 1967లో మెక్సికోకు చెందిన ఆర్కాడియో పొవేదా, సహచరులు మరొకటి చెప్పారు. పేలుడు అవసరం లేదు. కిక్కిరిసిన పసి గుంపులో నక్షత్రాలు ఒకదానికొకటి మరీ దగ్గరగా వస్తే ఆకర్షణే కొన్నిటిని బయటికి నెట్టేస్తుంది. హిప్పార్కోస్ ఉపగ్రహం కొలతలతో 2000 ప్రాంతంలో డచ్ పరిశోధకులు లెక్కవేస్తే, ఓరయన్ జంట విషయంలో రెండవ వాదనే బలపడింది. అయోటా ఓరయోనిస్ అనే జంట తార కూడా అదే సమయంలో అక్కడే ఉంది. రెండు జంటలు ఢీకొన్నంత దగ్గరగా వచ్చి, ఒక కొత్త జంట మిగిలి, రెండు తారలు చెరోవైపు ఎగిరిపోయాయన్నమాట. అలాగని బ్లావ్ వాదన వీగిపోలేదు. వేరే తారలకు అది సరిపోతుంది. 2024లో గాయా ఉపగ్రహం కొలతల ఆధారంగా, ఆర్136 అనే ఒక్క పసి గుంపు నుంచే 55 భారీ తారలు పారిపోయినట్లు గుర్తించారు.

ఈ కథలో సిద్ధాంతకర్తల పేర్లే పాఠ్యపుస్తకాల్లో మిగులుతాయి. అది న్యాయం కాదు. ఏఈ ఔరిగే నూరేళ్లలో ఆకాశంలో జరిగేది చంద్రబింబం వెడల్పులో సుమారు 400వ వంతు. అంత చిన్న కదలికను పట్టాలంటే పాత స్థానం ఎవరో ఒకరు రాసిపెట్టి ఉండాలి. ఆ పని కోసం 1887లో పారిస్‌లో ఆకాశాన్ని వేధశాలలకు పంచే ప్రణాళిక మొదలైంది. 1901లో నవాబు జఫర్ జంగ్ హైదరాబాదులో నెలకొల్పిన నిజామియా వేధశాల, 1908లో నిజాం ప్రభుత్వం చేతికి వచ్చాక, ఇందులో చేరింది. దక్షిణాన 17 నుంచి 23 డిగ్రీల పట్టీ దాని వంతు. జర్మనీలోని పోట్స్‌డామ్ వదిలేసిన ఉత్తర పట్టీలో కొంత తరువాత తీసుకుంది. 1918 నుంచి 1944 వరకు టి.పి. భాస్కరన్ నాయకత్వంలో గాజు ఫలకాలపై చుక్కలను ఒక్కొక్కటిగా కొలిచారు. అలా 7 లక్షలకు పైగా నక్షత్రాల స్థానాలు అచ్చయ్యాయి.

ఒకటి గమనించండి. పైన చెప్పిన రెండు తారలూ హైదరాబాదు వంతులో పడలేదు. ఏఈ ఔరిగే ఆ ఉత్తర పట్టీకి కాస్త కిందనే ఉండిపోయింది. కానీ 2000లో వెలువడిన టైకో-2 పట్టిక, సుమారు 25 లక్షల తారల కదలికలను లెక్కగట్టినప్పుడు, ఉపగ్రహం కొలతలతో పోల్చడానికి ఆ పాత ఫలకాల స్థానాలనే తీసుకుంది. వాటిలో హైదరాబాదువీ ఉన్నాయి.