మాజీ అధికారులు - ప్రభుత్వ రహస్య పత్రాలు

మంత్రులు, ప్రభుత్వాధికారులు పదవిలో ఉండగా చూసిన రహస్య పత్రాలను పదవి వీడిన తరువాత మళ్ళీ చూడడం, దగ్గర ఉంచుకోవడం, వాటి ఆధారంగా పుస్తకాలు రాయడం భారతదేశంలో పలు చట్టాలకు, నియమాలకు లోబడి ఉంటాయి. పత్రం పదవికి చెందినదే తప్ప పదవిలో ఉన్న వ్యక్తికి చెందినది కాదన్నది వీటి మూలసూత్రం.

చట్టాలు, నియమాలు

1923 నాటి అధికార రహస్యాల చట్టంలోని 5వ సెక్షను ప్రస్తుత ఉద్యోగులకే గాక మాజీలకు కూడా వర్తిస్తుంది. హక్కు లేకుండా రహస్య పత్రాన్ని తనవద్ద ఉంచుకోవడం కూడా నేరమే. ఇందుకు మూడేళ్ళ వరకు జైలుశిక్ష, జరిమానా లేదా రెండూ విధించవచ్చు. రాజ్యాంగం మూడవ షెడ్యూలులో మంత్రులు చేసే గోప్యతా ప్రమాణానికి గడువు లేదు. గూఢచార, భద్రతా సంస్థలలో పనిచేసి రిటైరైనవారు ఆ సంస్థల వ్యవహారాలపై ముందస్తు అనుమతి లేకుండా ఏదీ ప్రచురించరాదని 2021 మే 31న పింఛను నియమాలను సవరించారు. ఉల్లంఘిస్తే పింఛను నిలిపివేయవచ్చు.

పి.వి.నరసింహారావు ఉదాహరణ

1991 నుండి 1996 వరకు ప్రధానమంత్రిగా ఉన్న పి.వి.నరసింహారావు తన రాజకీయ అనుభవాలను 1998లో "ది ఇన్‌సైడర్" అనే నవల రూపంలో వెలువరించాడు. అయోధ్య ఘటనపై ఆయన రాసిన పుస్తకం మరణానంతరం 2006లో వెలువడింది. వినయ్ సీతాపతి 2016లో ప్రచురించిన జీవితచరిత్రకు పి.వి. వ్యక్తిగత పత్రాలు ముఖ్య ఆధారం. ఆ కాలపు నిర్ణయాల చరిత్ర ఎంతమేరకు ప్రభుత్వ దస్త్రాలకు వెలుపల భద్రపడిందో దీనిని బట్టి తెలుస్తుంది.

పరిశోధకులకు అందుబాటు

1993 నాటి పబ్లిక్ రికార్డుల చట్టం ప్రకారం 30 ఏళ్ళు దాటి, జాతీయ అభిలేఖాగారానికి చేరిన రహస్యేతర పత్రాలను పరిశోధకులు చూడవచ్చు. సమాచార హక్కు చట్టం (2005) 20 ఏళ్ళు దాటిన ఘటనలపై చాలా మినహాయింపులను తొలగించినా, దేశభద్రత, మంత్రివర్గ పత్రాలకు సంబంధించిన మినహాయింపులను ఉంచింది. అందువలన మాజీ మంత్రి జ్ఞాపకాలలోని మాటను దస్త్రంతో సరిచూసుకోవడం పాఠకునికి తరచు సాధ్యం కాదు.

ఇతర దేశాలలో

బ్రిటన్‌లో మాజీ మంత్రులు పదవిలో ఉండగా తాము చూసిన పత్రాలను తిరిగి చూడవచ్చు కాని తీసుకుపోరాదు. అమెరికాలో 1978 నాటి చట్టం అధ్యక్షుని పత్రాలను ప్రభుత్వ ఆస్తిగా ప్రకటించి, మాజీ అధ్యక్షునికి తన పాలనాకాలపు పత్రాలను చూసే వీలు కల్పించింది.

సంస్కరణ ప్రతిపాదనలు

వీరప్ప మొయిలీ అధ్యక్షతన రెండవ పాలనా సంస్కరణల సంఘం 2006లో ఇచ్చిన తొలి నివేదికలో అధికార రహస్యాల చట్టాన్ని రద్దు చేయాలని, మంత్రులచేత గోప్యతా ప్రమాణానికి బదులు పారదర్శకతా ప్రమాణం చేయించాలని సిఫారసు చేసింది. ఈ రెండు సిఫారసులూ అమలు కాలేదు.