కెమెరాను ఎందుకు వదలరు?: ‘ఫౌండ్ ఫుటేజ్’ భయానక కథా సంపుటాలు

ఎవరో చిత్రీకరించి వదిలిపోయిన వీడియో దొరికిందన్న భావన కలిగించే చిత్రాలను ‘ఫౌండ్ ఫుటేజ్’ అంటారు. 1999 నాటి ‘ది బ్లెయిర్ విచ్ ప్రాజెక్ట్’ ఈ శైలికి విస్తృత ప్రాచుర్యం తెచ్చింది. అయితే ప్రాణం మీదకు వచ్చినా పాత్రలు కెమెరాను ఎందుకు వదలవన్న సందేహం వీటిని వెంటాడుతూనే ఉంది. గంటన్నర పాటు అందుకు సాకు చూపడం కష్టం.

2012లో సన్‌డాన్స్ చిత్రోత్సవంలో ప్రదర్శితమైన అమెరికన్ చిత్రం ‘వి/హెచ్/ఎస్’ పలువురు దర్శకుల చిన్న కథలను పాత టేపుల రూపంలో గుదిగుచ్చి ఈ చిక్కును చాలావరకు తప్పించుకుంది. ‘అమెచ్యూర్ నైట్’ కథలో కెమెరా కళ్లద్దాలలో దాగి ఉంటుంది. 2013 నాటి రెండో భాగంలోని ‘ఎ రైడ్ ఇన్ ద పార్క్’ మరింత చమత్కారమైనది. సైకిల్‌పై వెళ్లే వ్యక్తి హెల్మెట్‌కు కెమెరా అమర్చి ఉంటుంది. అతడు జాంబీగా మారిన తరువాత కూడా అది చిత్రీకరిస్తూనే ఉంటుంది. దాన్ని వదిలేయడానికి అక్కడ మనిషే మిగలలేదు! దీని దర్శకులలో ఒకరైన ఎడ్వర్డో సాంచెజ్ ‘బ్లెయిర్ విచ్’ సహ దర్శకుడు కావడం గమనార్హం. కథలన్నీ ఒకే స్థాయిలో లేవన్నది నిజమే. నచ్చనిది త్వరగానే ముగుస్తుంది.

అంతకు రెండేళ్ల ముందే, దిబాకర్ బెనర్జీ హిందీ చిత్రం ‘లవ్ సెక్స్ ఔర్ ధోఖా’ చేతి కెమెరా, దుకాణపు సీసీటీవీ, రహస్య కెమెరాలతో మూడు కథలు చెప్పింది. అందులో దెయ్యాలు లేవు. ప్రేమించి పెళ్లాడిన జంట పరువు హత్యను కెమెరా నమోదు చేస్తుంది.